భీమేశ్వరి రేవులో రెండు రోజులు

మంచిని బోధించే వ్యక్తి కోసం ఆకాశవాసులు, భూవాసులు, చివరకు నీళ్ళలోని చేపలు సైతం క్షమాపణ వేడుకుంటాయన్న భావం గల హదీసు ధార్మిక పాఠశాలల్లో చదివిన ప్రతి ఒక్కరికీ తెలిసినదే. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఇది ఉన్నది. ఏటా కొత్త తరగతి మొదలైనప్పుడు, విద్య గొప్పదనాన్ని వివరించే సందర్భంలో, మేము దీనిని విద్యార్థులకు వినిపిస్తూ వచ్చాము. ప్రతి సంవత్సరం ఎవరో ఒక పిల్లవాడు లేచి, ఇన్ని ప్రాణులుండగా చేపల పేరే ఎందుకు చెప్పారని అడుగుతాడు. దానికి వ్యాఖ్యాతలు చెప్పిన సమాధానాన్నే మేమూ చెబుతాము. ఏ ప్రాణి ధర్మసమ్మతమో, ఏది కాదో, దేనిని ఎలా పట్టాలో, దేనిని హింసించరాదో పండితుడు ప్రజలకు బోధిస్తాడు. ఆ బోధన వల్ల మూగప్రాణులకు రక్షణ కలుగుతుంది. అందుకే అవి అతని మేలు కోరుతాయి.

ముప్పయ్యేళ్ళుగా ఈ సమాధానం చెబుతున్న మాకు, మా బోధన వల్ల ఏ చేపకైనా నిజంగా మేలు జరిగిందా అన్న ఆలోచన మొన్న జనవరి దాకా రాలేదు. ఆ ఆలోచన కలిగిన చోటు కావేరి గట్టున ఉన్న భీమేశ్వరి.

అయిదు నిమిషాల సమాధానం

సుమారు ఇరవై ఏళ్ళ క్రితం హిందూపురం సమీపంలోని మా మద్రసాలో కర్ణాటకలోని కనకపుర ప్రాంతం నుంచి వచ్చిన ఒక పిల్లవాడు చదువుకునేవాడు. అతని తల్లిది మా వైపే. వేటకు సంబంధించిన అధ్యాయం జరుగుతున్న రోజున అతడు ఒక ప్రశ్న అడిగాడు. తమ ఊరి దగ్గర నది ఒడ్డున ఒక విడిది ఉన్నదనీ, దూరదేశాల నుంచి వచ్చినవారు అక్కడ గాలం వేసి పెద్ద పెద్ద చేపలను పడతారనీ, తూచి, ఫోటో తీసుకుని, మళ్ళీ నదిలోనే వదిలేస్తారనీ చెప్పాడు. "వాళ్ళు దానిని తినరు హజ్రత్. వాళ్ళకు తోడుగా ఉండి కూలి తీసుకోవడం జాయజేనా?" అని అడిగాడు.

ప్రాణమున్న దానిని గురిపెట్టే లక్ష్యంగా చేసుకోరాదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించిన విషయం మేము గుర్తుచేశాము. నిష్కారణంగా చంపబడిన పిచ్చుక ప్రళయదినాన ఫిర్యాదు చేస్తుందన్న భావం గల నసాయీ ఉల్లేఖనాన్నీ వినిపించాము. ఆకలి తీర్చుకోవడానికి చేపను పట్టడం హలాల్, సరదా కోసం దాని నోట ఇనుపముల్లు దించడం మాత్రం తగదు, అటువంటి కూలికి దూరంగా ఉండడమే మేలు అని ముగించాము. ఇదంతా అయిదు నిమిషాల్లో అయిపోయింది. మేము ఆ నదిని చూసినవాళ్ళము కాము. ఆ చేప పేరు అడగలేదు. ఎవరి కోసం అడుగుతున్నాడో కూడా తెలుసుకోలేదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు అదే నది గట్టున ఒక విడిదిలో వంటమనిషి. నిరుడు ఫోన్ చేసి, తన మామూ మమ్మల్ని చూడాలనుకుంటున్నాడని చెప్పాడు. ఆ ప్రశ్న తన మామూ కోసం అడిగినదేననీ, మా సమాధానం విన్న నెలలోనే ఆయన ఆ పని మానేశాడనీ అప్పుడే మాకు తెలిసింది. "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగితే, "మీరు బాధపడతారని మామూ వద్దన్నారు హజ్రత్" అన్నాడు.

దారి

హిందూపురం నుంచి ఉదయపు రైలులో బెంగళూరు, అక్కడి నుంచి కనకపుర, సాతనూరు, హలగూరు మీదుగా భీమేశ్వరి. బెంగళూరు నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరం. దారి పొడవునా మా రాయలసీమను తలపించే దృశ్యాలే. కోతలు ముగిసిన రాగి చేలు, పక్కన రాగి కుప్పలు, మధ్యమధ్యన మల్బరీ తోటలు, ఇళ్ళ ముందు గోడకు ఆనించిన పట్టుపురుగుల చంద్రికలు. హలగూరు దాటాక ఊళ్ళు పలచబడ్డాయి. రోడ్డు అడవిలోకి దిగింది. ఏనుగులు దాటే చోటు, నెమ్మదిగా వెళ్ళమని హెచ్చరించే బోర్డులు కనిపించాయి. ఇది 1987లో ప్రకటించిన కావేరి వన్యప్రాణి అభయారణ్యం.

కొడగు కొండల్లో తలకావేరి దగ్గర పుట్టిన ఈ నది మైసూరు మైదానాన్ని తడిపి, శివనసముద్రం దగ్గర రెండు జలపాతాలుగా దూకుతుంది. 1902లో అక్కడ కట్టిన విద్యుత్కేంద్రం నుంచే కోలారు బంగారు గనులకు కరెంటు వెళ్ళింది. జలపాతం దిగిన కావేరి ఆపైన కొండల నడుమ ఇరుకు లోయలో ప్రవహిస్తూ, భీమేశ్వరి, గాలిబోరె, సంగమ, మేకెదాటు దాటి హొగెనక్కల్ చేరుతుంది. ఈ ఇరుకు లోయలోనే, బండల నడుమ సుళ్ళు తిరిగే లోతైన మడుగుల్లోనే, ఆ చేప ఉంటుంది.

దాని పేరు మహసీర్. మహసీర్లలో అనేక రకాలున్నా, వీపున మూపురం, నారింజ రంగు రెక్కలు గల ఈ రకం కావేరిలోనూ దాని ఉపనదుల్లోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. మహసీర్లన్నింటిలోకీ పెద్దది ఇదే. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ అనే వేటగాడు కబిని నదిలో పట్టిన చేప 120 పౌన్లు, అంటే సుమారు 54 కిలోలు తూగింది. ఆ బరువు వినగానే మాకు మా తరగతిలో కూర్చునే పదిహేనేళ్ళ కుర్రవాడు గుర్తుకొచ్చాడు.

విడిదిలో ఒక దినం

కర్ణాటక ప్రభుత్వ సంస్థ నడిపే ఈ విడిది ఒకప్పుడు చేపల వేట శిబిరంగానే ప్రసిద్ధి. ఇప్పుడిక్కడ గాలపు కర్ర కనిపించదు. చెట్ల నీడన గుడారాలు, కొయ్య ఇళ్ళు, భోజనాలకు గోల్ ఘర్ అని పిలిచే గుండ్రని పాక ఉన్నాయి. బెంగళూరు నుంచి కుటుంబాలు పిల్లలతో వస్తాయి. పుట్టిలో విహారం, అడవి నడక, రాత్రి వన్యప్రాణుల చిత్రప్రదర్శన, ఇవీ ఇక్కడి కాలక్షేపాలు. నీళ్ళలోకి దిగవద్దని అందరికీ ముందే చెబుతారు. బండల మీద మొసళ్ళు ఎండ కాచుకుంటుంటాయి, పైకి నెమ్మదిగా కనిపించే నీటి అడుగున వడి ఎక్కువ.

ఫజ్ర్ వేళ మేము గట్టు మీదికి వచ్చేసరికి నది మీద పొగమంచు కమ్మి ఉన్నది. బోర్లించిన పుట్టులు ఒడ్డున వరుసగా ఉన్నాయి. మా విద్యార్థి బకెట్టు నిండా నీళ్ళు తేబోతే, ఒక్క చెంబు చాలన్నాము. పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీరు వృథా చేయరాదన్న ప్రవక్త బోధను మద్రసా కొళాయిల దగ్గర ఎన్నో మార్లు చెప్పాము. నిజంగా పారే నది ఒడ్డున దానిని ఆచరించే అవకాశం మాకు అదే మొదటిసారి. తెల్లవారాక నీటిపిల్లులు నాలుగైదు ఒకదాని వెంట ఒకటి మడుగులోకి జారాయి. బూడిదరంగు పెద్ద ఉడుత మద్ది కొమ్మ మీది నుంచి చింతచెట్టుకు దూకింది. పిల్లలు కేకలు వేయబోతే అక్కడి ఉద్యోగి పెదవుల మీద వేలు పెట్టి చూపాడు. పెద్దలు కూడా మాటలు తగ్గించారు.

మధ్యాహ్నం మా విద్యార్థి వడ్డించిన పళ్ళెంలో చేప వేపుడు ఉన్నది. నది వైపు చూసి, మళ్ళీ పళ్ళెం వైపు చూశాము. అతడు నవ్వి, "ఇది నదిది కాదు హజ్రత్. ఈ నదిలో చేప పట్టకూడదు. ఇది మన ఆంధ్ర చెరువుల చేప, మంచుగడ్డల్లో పెట్టి లారీలో వస్తుంది" అన్నాడు. ఒకనాటి చేపల వేట శిబిరంలో నేడు అతిథులు తినేది కోస్తా చెరువుల్లో పెరిగిన రాగండి చేప.

మామూ మాటలు

జుహ్ర్ వేళకు మా విద్యార్థి మామూ వచ్చాడు. అరవై అయిదేళ్ళు దాటి ఉంటాయి. మాకంటే పెద్దవాడు. అయినా ముందుగా సలాం చెప్పి, రెండు చేతులతో మా చేయి పట్టుకున్నాడు. ఆ అరచేతుల చర్మం తెల్లబారి ముడతలు పడి ఉన్నది. నమాజుకు మమ్మల్నే ముందు నిలబెట్టారు. మేము ప్రయాణికులము గనుక రెండు రకాతులకే సలాం చెప్పాము. స్థానికులైన వారిద్దరూ లేచి మిగిలిన రెండు రకాతులు పూర్తి చేసుకున్నారు.

ఆ తరువాత ఆయన పుట్టిని నీళ్ళలోకి తోసి, మమ్మల్ని కూర్చోబెట్టి, తెడ్డుతో నడిపించసాగాడు. దక్కనీ ఉర్దూలో నిదానంగా మాట్లాడే మనిషి.

"భాయి సాహెబ్, నా మాట వల్ల మీ జీవనోపాధి పోయిందని మొన్ననే తెలిసింది" అన్నాము.

"హలాల్ కూలి కావాలని నేనే అడిగించుకున్నాను హజ్రత్. అందులో మీ తప్పేమున్నది? రామనగరంలో పట్టు తీసే పనిలో చేరాను. పదకొండేళ్ళు చేశాను. ఆ ఆవిరికి ఊపిరి ఆడక మళ్ళీ ఇటు వచ్చేశాను."

కాసేపు తెడ్డు వేసి, తన అరచేతుల వైపు చూసుకుని మళ్ళీ అన్నాడు: "గూళ్ళలోని పురుగును ముందు వేడికి చంపుతారు. తరువాత మరిగే నీళ్ళలో వేసి దారం తీస్తాము. రోజుకు ఎన్ని వేల గూళ్ళో. ఆ పని జాయజేనా అని మాత్రం నేను ఎవరినీ అడగలేదు. ఎవరూ చెప్పనూ లేదు. నా కూతుళ్ళ పెళ్ళికి ఆ పట్టే కట్టారు."

ఆయన మాటలో వ్యంగ్యం లేదు. మా దగ్గర సమాధానం ఉన్నది. మనిషి ప్రయోజనం కోసం పట్టుగూళ్ళను ఎండబెట్టి పురుగును చంపడానికి ఫిఖ్హ్ గ్రంథాలలో అనుమతి ఉన్నది, స్త్రీలకు పట్టు ధర్మసమ్మతమే. మా హిందూపురం కూడా పట్టుగూళ్ళ సంతకు పేరుపొందిన ఊరు. అయినా ఆ క్షణాన ఆ సమాధానం మా నోట రాలేదు.

గాలపు వేట ఎలా సాగేదో చెప్పమని అడిగాము. ఆయన ముఖం వెలిగింది. రాగిపిండిని నీళ్ళలో గట్టిగా ఉడికించి ముద్దలు చేసేవారట. మనం తినే సంగటే చేపకు ఎర. నిమ్మకాయంత ముద్దలో గాలం దాచి మడుగులోకి వదిలేవారు. చేప అందుకున్నదంటే వడి వెంట పరుగు తీస్తుంది. పుట్టి దాని వెనుక బండల మధ్య తిరుగుతూ పోవాలి. ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి గంట. అలసిన చేపను ఒడ్డున లోతు తక్కువ నీళ్ళలోకి తెచ్చి, తాడు కట్టి నీళ్ళలోనే సేదదీరనిచ్చేవారు. ఆపైన తూకం, ఫోటో, పుస్తకంలో నమోదు. చివరగా ప్రవాహానికి ఎదురుగా పట్టుకుంటే, బలం వచ్చాక అది తనంతట తానే చేయి విడిపించుకుని వెళ్ళిపోయేది.

"ఎడమ రెక్క చిరిగిన చేప ఒకటి ఉండేది హజ్రత్. మూడేళ్ళలో మూడుసార్లు వచ్చింది. దానిని నేను గుర్తుపట్టేవాణ్ణి."

ఆ పనికి రాకముందు ఆయన ఇదే నదిలో దొంగవల వేసేవాడు. రెండుసార్లు జిలెటిన్ కడ్డీలు కూడా పేల్చాడు. శిబిరం వాళ్ళు అటువంటివారినే పిలిచి పనిలో పెట్టుకున్నారు. మడుగుల లోతు వాళ్ళకే తెలుసు, ఏ రాత్రి ఎవరు వస్తారో కూడా వాళ్ళకే తెలుసు. పగలు అతిథికి తోడు, రాత్రి నదికి కాపలా. "చచ్చిన చేప ఒక్కసారే కూలి ఇస్తుంది. బతికిన చేప ఏటేటా ఇస్తుంది. మేము కాపలా కాసింది అందుకే. పుణ్యం కోసమని చెప్పను" అన్నాడు.

2010 తరువాతి తొలి సంవత్సరాలలో అభయారణ్యాల హద్దుల్లో గాలపు వేట ఆగిపోయింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, తినకుండా వదిలేసినా పట్టడం వేటే అన్న వ్యాఖ్యానం స్థిరపడింది. అంటే చట్టమూ మా అయిదు నిమిషాల సమాధానమూ ఒకే మాట చెప్పాయి. వేట మీద ఆధారపడిన గైడ్లలో పలువురికి పని పోయింది. వాళ్ళతో పాటు రాత్రి కాపలా కూడా సన్నగిల్లింది.

"నేను మానేసిన ఏడాదే నదికి ఏదో అయిందని అనను. మిగతావాళ్ళు ఉన్నారు కదా. అందరూ ఆగిపోయాకనే రాత్రుళ్ళు మళ్ళీ పేలుళ్ళు వినబడ్డాయని మా వాళ్ళు చెప్పారు. జిలెటిన్ పేలితే పెద్ద చేప, చిన్న పిల్ల, గుడ్డు అని చూడదు. తేలినవాటిని ఏరుకుంటారు. మునిగిపోయినవి నది అడుగునే కుళ్ళిపోతాయి. మనుషుల చేతులు కూడా పోయాయి హజ్రత్."

మా విద్యార్థి ఇక్కడ కలుగజేసుకుని, అలా చచ్చిన చేపను తినవచ్చునా అని అడిగాడు. ఏ కారణమూ లేకుండా తనంతట చచ్చి వెల్లకిలా తేలిన చేపను మన హనఫీ పండితులు తినవద్దన్నారనీ, బయటి కారణంతో చచ్చినదాని విషయం వేరనీ వివరించబోయాము. సగంలోనే ఆగిపోయాము. పళ్ళెంలోకి వచ్చిన చేప గురించి ఎన్నో పుటలు చదివిన మేము, నది అడుగున కుళ్ళిన చేప గురించి ఆ పిల్లవాడికి ఏమి చెప్పగలము?

చివరకు మేము అడగవలసినది అడిగాము: "అయితే భాయి సాహెబ్, ఆ రోజు నేను చెప్పింది తప్పేనంటారా?"

ఆయన తెడ్డు ఆపాడు. పుట్టి నెమ్మదిగా తిరగసాగింది.

"చేపకు నొప్పి ఉంటుంది హజ్రత్. గాలం తీసేటప్పుడు నా చేతుల్లో అది వణికేది. ఆ వణుకు నాకు తెలుసు గనుకే మీ మాట మనసులో నాటుకున్నది. మీరు చెప్పకపోయినా ఏదో ఒకనాడు ఎవరినైనా అడిగేవాణ్ణి. కానీ మానెయ్యమన్నవారు, మానేశాక ఈ మడుగును ఎవరు కాస్తారని కూడా అడిగి ఉంటే బాగుండేది."

దయ చేసిన కీడు

ఆ రాత్రి గోల్ ఘర్‌లో విడిది ప్రకృతి నిపుణుడైన ఒక యువకుడు నది గురించి అతిథులకు వివరించాడు. అతడు చెప్పిన సంగతి ఒకటి మమ్మల్ని మరింత ఆలోచింపజేసింది.

మహసీర్లు తగ్గిపోతున్నాయన్న ఆందోళనతో మహారాష్ట్రలోని లోనావాలాలో నీలిరెక్కల మహసీర్ పిల్లలను పెంచి, అనేక నదులకు పంపిణీ చేశారు. కావేరిలోనూ వదిలారు. ఆ నీలిరెక్కల చేప స్వస్థలం దక్కను పీఠభూమి, మన కృష్ణా పరీవాహకం. అది కూడా మహసీరే గదా, నది నిండితే మంచిదే గదా అనుకున్నారు. కొత్తగా వచ్చిన చేప కావేరిలో బాగా వృద్ధి చెందింది. అదే కాలంలో ఇక్కడి మూపురం చేప తగ్గుతూ వచ్చింది. ఈ మార్పు తెలియడానికి ఆధారమైనవి ఏ ప్రభుత్వ లెక్కలో కావు. గాలిబోరె శిబిరంలో 1998 నుంచి 2012 వరకు గాలం వేసినవారు పట్టిన చేపల నమోదు పుస్తకాలు. మామూ వంటివారు తూచి రాయించిన అంకెలే శాస్త్రవేత్తలకు పనికివచ్చాయి.

ఇంకొక విచిత్రం. శతాబ్దానికి పైగా వేటగాళ్ళు కీర్తించిన ఈ చేపకు సరైన శాస్త్రీయ నామం 2018లో గానీ ఖరారు కాలేదు. రెమాదేవి అనే మత్స్యశాస్త్రవేత్త పేరు మీదుగా దానిని టోర్ రెమాదేవీ అంటున్నారు. పేరు నిర్ధారణ అయిన ఆ సంవత్సరమే, అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల పట్టికలో అది చేరింది.

అందరూ నిద్రకు వెళ్ళాక మేము గట్టు మీద కూర్చున్నాము. అవతలి ఒడ్డున ఏనుగులు నీళ్ళకు దిగిన చప్పుడు వినిపించింది, ఆకారాలు కనిపించలేదు. నది పక్కన, చేపల గురించి ఆలోచిస్తూ కూర్చున్న మనిషికి కహఫ్ సూరా గుర్తుకు రాకుండా ఉంటుందా? హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన సహచర యువకునితో ప్రయాణమైనప్పుడు, భోజనం కోసం తెచ్చుకున్న చేప నీళ్ళలోకి దారి చేసుకుని వెళ్ళిపోయిన చోటే ఆయన వెతుకుతున్న గురువు నివాసమైంది. తౌరాతు పొందిన ప్రవక్త, తనకు తెలియనిది మరొకరి దగ్గర నేర్చుకోవడానికి నది, సముద్రం లెక్కచేయక నడిచి వెళ్ళారు. మేము మాత్రం ఇరవై ఏళ్ళ పాటు చాప మీది నుంచి లేవలేదు.

ఆ కథలో నిరుపేదల పడవకు హజ్రత్ ఖిజ్ర్ చిల్లు పెట్టిన ఘట్టం అందరికీ తెలుసు. పైకి అది కీడు. మంచి పడవలను లాక్కునే రాజు నుంచి ఆ పడవను కాపాడింది ఆ చిల్లే. గాలపు ముల్లు చేసిన చిన్న గాయం కూడా అటువంటిదేనని మేము తీర్పు చెప్పబోవడం లేదు. ఖిజ్ర్ చేసినది దైవజ్ఞానం ఆధారంగా. ఆ ఘట్టాన్ని సాకుగా తీసుకుని షరీఅత్ హద్దులు దాటే హక్కు ఎవరికీ లేదు. వినోదం కోసం ప్రాణిని బాధించడం గురించి మా మనసులో ఉన్న జంకు ఈనాటికీ పోలేదు. మామూ చేతుల్లో వణికిన చేపే దానికి సాక్షి. మేము గమనించినది వేరొకటి. ఆ దాసుణ్ణి పరిచయం చేస్తూ దివ్యఖుర్ఆన్ రెండు వరాలను కలిపి ప్రస్తావించింది: అల్లాహ్ ఆయనకు కారుణ్యం ప్రసాదించాడు, జ్ఞానమూ నేర్పాడు. పంతొమ్మిదో ఏట నుంచి ఆ ఆయతు చదువుతున్నాము. ఆ రెండింటినీ ఒకేచోట ఎందుకు చెప్పారో కావేరి గట్టున కూర్చున్నాక కొంత అర్థమైంది. చేపపిల్లలను పెంచి నదిలో వదిలినవారికి దయ ఉన్నది, ఆ నది గురించిన జ్ఞానం చాలలేదు. చేప నోటి గాయాన్ని తలచుకుని జవాబు చెప్పిన మాలోనూ దయ ఉన్నది, ఆ మడుగును ఎవరు కాస్తున్నారో తెలియదు.

మధ్యాహ్నం నమాజు మళ్ళీ జ్ఞాపకం వచ్చింది. ప్రయాణికుడైన ఇమాము రెండు రకాతులకే సలాం చెబుతాడు. అతని నమాజులో లోపమేమీ లేదు. కానీ ఆ చోట నివసించేవారికి అది సగమే. మిగిలిన సగం వారు లేచి పూర్తి చేసుకోవాలి. ఆనాటి మా సమాధానం అటువంటిదే. తేడా ఒక్కటే. నమాజులో అయితే తాను ప్రయాణికుడననీ, మీరు పూర్తి చేసుకోండనీ ఇమాము వెనుకవారికి తెలియజేస్తాడు. మేము ఆ మాట చెప్పలేదు.

తిరుగు ప్రయాణం

మరునాడు ఉదయం సెలవు తీసుకుంటూ మామూను క్షమాపణ కోరాము. ఆయన తడబడి, "అంత మాట వద్దు హజ్రత్, దుఆ చేయండి చాలు" అన్నాడు. ఒక పొట్లంలో రాగిపిండి కట్టి ఇచ్చాడు. "ఇది ఎర కోసం కాదు, సంగటి కోసమే" అని నవ్వాడు.

మద్రసాకు తిరిగి వచ్చాక మా పద్ధతిలో చిన్న మార్పు చేసుకున్నాము. ఎవరైనా తమ పని గురించి, సంపాదన గురించి ప్రశ్న తెస్తే, ఆ పని ఎలా జరుగుతుందో ముందుగా వాళ్ళ నోటే పూర్తిగా వింటున్నాము. అది మానేస్తే ఇంటికేమవుతుంది, ఆ చోట ఇంకెవరు వస్తారు అని అడుగుతున్నాము. కొన్ని ప్రశ్నలకు జవాబు మరుసటి వారానికి వాయిదా పడుతున్నది. విద్యార్థులకు ఇది మొదట్లో వింతగా తోచింది.

ఈ పత్రిక చదివే కుటుంబాలకు ఒక మనవి. సెలవుల్లో పిల్లలను కావేరికో, గోదావరికో, కృష్ణకో తీసుకువెళ్ళినప్పుడు ఆ నీళ్ళలో ఏ చేపలున్నాయో, ఒకప్పుడు ఏవి ఉండేవో అక్కడి పుట్టి నడిపే మనిషిని అడిగి వినిపించండి. పేలుడు పెట్టి పట్టిన చేప సంతలో చౌకగా దొరికినా ఇంటికి తేకండి. ఇంట్లోని తొట్టిలో ముద్దుగా పెంచి, విసుగొచ్చిన రంగుచేపలను జాలిపడి చెరువులోనో నదిలోనో వదలకండి. ఆ జాలి అక్కడి చేపలకు ఏమి చేస్తుందో మనకు తెలియదు. మీ ఊరి మౌలానాను ప్రశ్న అడిగేటప్పుడు సగం సంగతి చెప్పి జవాబు తెచ్చుకోకండి, మొత్తం చెప్పండి. మౌలానా తొందరపడితే, కాస్త ఆగమని మర్యాదగా కోరండి.

ఈ సంవత్సరం కొత్త తరగతిలో అదే హదీసు వచ్చింది. చేపలే ఎందుకని ఒక పిల్లవాడు లేచి అడిగాడు. వ్యాఖ్యాతల సమాధానం చెప్పాము. ఆ తరువాత కావేరి సంగతి, ఎడమ రెక్క చిరిగిన చేప సంగతి కూడా చెప్పాము. ఆ చేప ఇంకా ఉన్నదా అని వాడు అడిగాడు. ఆ సంగతి అల్లాహ్‌కే తెలుసునన్నాము.

అల్లాహ్ మనకు కారుణ్యంతో కూడిన జ్ఞానాన్ని, జ్ఞానంతో కూడిన కారుణ్యాన్ని ప్రసాదించుగాక! మన మాట వల్ల ఏ మనిషికీ, ఏ మూగప్రాణికీ అన్యాయం జరగకుండా కాపాడుగాక! ఆమీన్.